గ్వాయూలే పెంపకం: 22వ నెలలో మొదటి కోత

పదకొండు రోజుల క్రితం మొదటి పొదను కోశాను. దాని నుంచి తీసిన రబ్బరు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. గోలీకాయంత ముద్ద, బరువు 2.4 గ్రాములు. లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. రోజుకు పదిసార్లయినా లాగి చూస్తున్నాను.

గ్వాయూలే ఉత్తర మెక్సికోలోని చివావా ఎడారిలోనూ, దానికి ఆనుకుని ఉన్న టెక్సస్ బిగ్ బెండ్ ప్రాంతంలోనూ సహజంగా పెరిగే పొద. శాస్త్రీయ నామం పార్థీనియం అర్జెంటేటం. పార్థీనియం అనగానే చాలామందికి వయ్యారిభామ కలుపు గుర్తొస్తుంది. రెండూ ఒకే ప్రజాతివే. అయితే ఇది వెండి రంగు ఆకులతో, చేవదేరిన కాండంతో నిదానంగా పెరిగి ఏళ్ల తరబడి బతికే మొక్క.

విత్తనాల దగ్గరే నాకు ఎక్కువ కాలం పట్టింది. మొదట 40 విత్తనాలు చల్లి పైన పలచగా మట్టి కప్పాను. మూడే మొలిచాయి. ఈ విత్తనాలకు నిద్రావస్థ ఉంటుంది, పైగా మొలవడానికి వెలుతురు కావాలి. రెండోసారి మరో 40 విత్తనాలను రాత్రంతా నీళ్లలో ఉంచి కడిగాను. తర్వాత బాగా పలచన చేసిన సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంలో రెండు గంటలు నానబెట్టి, వాసన పోయేదాకా మళ్లీ కడిగాను. తడి ఇసుక మీద పరిచి, కప్పకుండా వదిలేశాను. 19 మొలిచాయి. వాటిలో 11 నా చేతుల మీదే పోయాయి. మొలకలు వాడినట్టు కనిపించిన ప్రతిసారీ నీళ్లు పోశాను, వేళ్లు కుళ్లాయి. మిగిలిన ఎనిమిదింటినీ రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు సన్న కంకర, ఒక పాలు మట్టి కలిపిన లోతైన కుండీల్లోకి మార్చాను. ఆ తర్వాత ఒక్కటీ చావలేదు.

ఈ పొద వేసవిలో ఒళ్లు పెంచుకుంటుంది, చలికాలంలో రబ్బరు దాచుకుంటుంది. రాత్రులు చల్లబడి ఎదుగుదల మందగించినప్పుడు బెరడులో రబ్బరు తయారీ పుంజుకుంటుంది. అందుకే చలి మొదలయ్యాక మూడు వారాలకు ఒకసారే నీళ్లు పెట్టాను. ఆకులు ముడుచుకుని బూడిద రంగుకు తిరిగినా చెయ్యి ఆపుకోవాలి. ఈ పెంపకంలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది అదే. దాహంతో ఉన్న మొక్కను చూస్తూ ఊరుకోవడం అలవాటు కావడానికి ఒక చలికాలం మొత్తం పట్టింది.

రబ్బరు చెట్టుకు గాటు పెట్టినట్టు దీనికి పెడితే పాలు కారవు. రబ్బరు చెట్టులో పాలు నాళాల్లో పారుతాయి. గ్వాయూలేలో రబ్బరు బెరడు కణాల్లో విడివిడిగా, సూక్ష్మమైన రేణువులుగా ఉంటుంది. నాళాల్లో ఉండేది రెసిన్, అంటే బంక. కొమ్మ కోస్తే ఊరేది అదే. రబ్బరు కావాలంటే కాండాన్నంతా నలగ్గొట్టాల్సిందే.

నేలకు 8 సెంటీమీటర్ల ఎత్తున కోశాను. కొమ్మల్ని పది నిమిషాలు వేడినీళ్లలో ముంచితే ఆకులు సులువుగా రాలాయి, లోపలి రబ్బరు గడ్డకట్టింది. ఆకుల్లో రబ్బరు దాదాపు ఉండదు కాబట్టి వాటిని పక్కన పెట్టాను. కాండాన్ని చిన్న ముక్కలు చేసి, నున్నటి గులకరాళ్లతో, నీళ్లతో మందపాటి డబ్బాలో వేసి, చిన్న మోటారుతో ఆరు గంటలు దొర్లించాను. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో మెక్సికో మిల్లుల్లో వాడిన పద్ధతి ఇదే. నలిగిన పీచు నీళ్లు పీల్చుకుని మునుగుతుంది, రబ్బరు వానపాముల్లాంటి చిన్న పోగులుగా చేరి తేలుతుంది. మూత తీసి ఆ పోగుల్ని చూసిన క్షణం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. బెరడు పొట్టు కూడా వాటితో తేలింది. తేలినదంతా తీసి అరగంట ఉడికిస్తే పొట్టు చాలావరకు మునిగింది.

తేలిన ముద్ద ఆరాక 3.9 గ్రాములు తూగింది. వేళ్లకు విపరీతంగా అంటుకునేది, సాగేది కాదు. కారణం రెసిన్. అసిటోన్‌లో రెసిన్ కరుగుతుంది, రబ్బరు కరగదు. ఆరుబయట, దగ్గర్లో ఏ మంటా లేకుండా, మూడుసార్లు అసిటోన్‌తో కడిగితే 2.4 గ్రాముల రబ్బరు మిగిలింది. కోసిన కాండం ఎండు బరువు 62 గ్రాములు, అంటే సుమారు 4 శాతం. పొలాల్లో పెంచిన మంచి రకాల్లో 5 నుంచి 10 శాతం వరకు ఉంటుంది. కుండీ మొక్కకు ఇది తక్కువేమీ కాదని నా అభిప్రాయం. ఈ రబ్బరు గాలికి, వెలుతురుకు త్వరగా పాడై జిగటగా మారుతుంది. అందుకే ముదురు రంగు సీసాలో దాస్తున్నాను, చూడాలనిపించినప్పుడే తీస్తున్నాను.

చేతి తొడుగులు తప్పనిసరి. రబ్బరు చెట్టు పాలలో అలర్జీ కలిగించే ప్రొటీన్లు దీని రబ్బరులో ఉండవు, ఆ మాట నిజమే. కానీ రెసిన్‌లోని గ్వాయూలిన్-ఏ అనే పదార్థం చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు రావచ్చు. అసిటోన్ ఆరిపోయాక అడుగున మిగిలిన రెసిన్‌ను పారేయలేదు. అది చెక్కను చెదల నుంచి కాపాడుతుంది. ఒక చెక్క పట్టీకి పూసి, పూయని పట్టీని పక్కనే పెట్టి, రెండింటినీ సగం దాకా మట్టిలో పాతాను. ఆరు నెలల తర్వాత తవ్వి చూస్తాను.

ఇక కొమ్మ ముక్కల ప్రయత్నం మొదలుపెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతికి పోయాక, అమెరికా 1942లో గ్వాయూలే సాగును పెద్ద ఎత్తున చేపట్టింది. అదే సమయంలో కాలిఫోర్నియాలోని మాంజనార్ నిర్బంధ శిబిరంలో ఉంచిన జపనీస్ అమెరికన్ శాస్త్రజ్ఞులు, తోటమాలులు కొమ్మ ముక్కలకు వేళ్లు పుట్టించి ఈ మొక్కను పెంచారు. తమను బంధించిన దేశం కోసం ముళ్లకంచె లోపల అంత శ్రద్ధగా పనిచేసిన వాళ్ల గురించి చదివినప్పటి నుంచీ ఆ పని నా చేతులతో చేసి చూడాలని ఉంది. కోతలో పక్కన పెట్టిన 12 లేత కొమ్మ ముక్కల్ని నిన్న తడి ఇసుకలో నాటాను.

కోసిన మోడు మీద ఈ ఉదయం రెండు చిగుళ్లు కనిపించాయి, ఒక్కొక్కటి ఆవగింజంత. నీళ్లు పెట్టడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.