దర్జీ టేపుతో కారు కొనడం

అంబత్తూరులో పాత కార్లు అమ్మే షెడ్డులో నేను బానెట్ ఎత్తించి, హ్యాండ్‌బ్యాగులోంచి దర్జీ టేపు తీయగానే అక్కడి కుర్రవాడు పక్కవాడితో, "అక్క కారుకు జాకెట్టు కుట్టిస్తుందిరా" అని తమిళంలో అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా చెన్నైలో ఉంటున్నదాన్ని, నాకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. నేను కొలిచింది నేల నుంచి ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి దాకా ఉన్న ఎత్తు. చూసిన ప్రతి కారుకూ మొదట అదే కొలిచాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని చేతులు మారింది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ఇదంతా 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వాన నేర్పిన బుద్ధి. అప్పటి నా కారు పెరంబూరు వైపు ఒక సబ్‌వేలో, అంటే వంతెన కింది పల్లపు రోడ్డులో, ఆగిపోయింది. ఉరుముల మేఘాల వెంట కారులో వెళ్లి చూడటం నాకో పిచ్చి. కానీ ఆ రోజు వెళ్లింది మేఘాల కోసం కాదు, మా అత్తగారి మందుల కోసం. ఆగినదాన్ని అలాగే వదిలేసి నడిచి వచ్చి ఉంటే తర్వాత ఆరబెట్టించుకుని వాడుకునేదాన్నేమో. తాళం మళ్లీ తిప్పాను. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్‌లో నీళ్లు చేరాక పిస్టన్‌కు పైకి వచ్చే దారి ఉండదు, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాయుడుపేట నుంచి వచ్చి కొరట్టూరులో షెడ్డు పెట్టుకున్న మా మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, "అమ్మా, కారును నీళ్లు చంపలేదు, మీరు చంపారు" అన్నాడు. పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ లేదని బీమావాళ్లు చేతులెత్తేశారు. ఆడిటరు ఆఫీసులో ఊరందరి లెక్కలూ సరిచూసే నేను, నా పాలసీ రెండో పేజీ చదవలేదు.

నాది సూళ్లూరుపేట. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నాన్న, బాబాయి గంటల తరబడి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డారు. నేను కిటికీ సందులోంచి చూస్తూ ఉండిపోయాను. ఈ పిచ్చి అప్పుడు పట్టుకున్నదే. అయితే తుపాను వెంట కారు వేసుకుని తిరగడం మన తీరంలో అర్థం లేని పని. వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పిన దారిలో, సైకిలు వేగంతో, అదే మన ఇంటికి వస్తుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు నేను గడప దాటలేదు. హోరు ఒక్కసారిగా ఆగింది, కాసేపు ఆకు కదలలేదు, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. తుపాను కన్ను మా మీదుగానే వెళ్లిందన్నమాట. మర్నాడు వీధికి అడ్డంగా పడిన చెట్లు చూశాను. ఎంత ఖరీదైన బండి అయినా రంపం లేకుండా మా సందు దాటేది కాదు.

నేను వెంటపడేది సాయంత్రపు ఉరుముల మేఘాల కోసం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు వేడికి చిత్తూరు, వేలూరు కొండల మీద క్యుములోనింబస్ అనే ఆ ఉరుముల మేఘం లేస్తుంది. పై గాలులు దాన్ని తూర్పుకు తోస్తాయి. సముద్రపు చల్లగాలి ఎదురైన చోట దానికి కొత్త ఊపిరి వస్తుంది. చెన్నై రాడార్ బొమ్మ, పిడుగులకు దామిని యాప్, మూడింటికి ఆఫీసులో ఒక అబద్ధం, ఆపైన తిరుత్తణి, నగరి, పుత్తూరు దారి. మేఘానికి తూర్పున నిలబడాలి. అప్పుడు ఎండ దాని వెనక ఉండి, ముందు అంచు నల్లగా చూరులా వంగి మన మీదికి రావడం కనిపిస్తుంది. ఆ దృశ్యం ఉండేది పది నిమిషాలు. అది తల మీదికి రాకముందే ఇంటి ముఖం పట్టాలి. అందుకే చెరువు కట్ట పక్క సన్న రోడ్డు మీద ఒక్క మలుపులో తిరగగలిగే కారు కావాలి నాకు.

మా తమ్ముడికి మహీంద్రా థార్ జీపు తప్ప మరొకటి ఆనలేదు. "అక్కా, 650 మిల్లీమీటర్ల నీళ్లలో నడుస్తుంది." నా భయం ఆ అంకెతోనే. అది తెలిసినవాడు రెండడుగుల నీళ్లు చూసి వెనక్కి తిరగడు. ఆ నీళ్ల కింద రోడ్డు మిగిలి ఉందో లేదో కంపెనీ పుస్తకంలో రాయరు కదా. పైగా వాడు చూసిపెట్టిన పాత బండికి పైన గుడ్డ టాపు. పిడుగు నుంచి కాపాడేవి రబ్బరు టైర్లని వాడి నమ్మకం, వాడిదే కాదు, చాలామందిది. మేఘం నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదానికి జానెడు రబ్బరు ఒక లెక్కా? కాపాడేది చుట్టూ ఉన్న లోహపు రేకు. కరెంటు దాని పైపై నుంచే పాకి నేలకు దిగుతుంది. గుడ్డ టాపు కింద కూర్చునేదానికి గొడుగు కింద కూర్చుంటే సరిపోతుంది.

ఎలక్ట్రిక్ కారు మీద నిజంగానే మనసు పడ్డాను. నీళ్లు మింగే గొట్టమే లేదు, ఇంజన్ చప్పుడు లేక ఉరుములు హాయిగా రికార్డు చేసుకోవచ్చు. కానీ పిడుగులు పడే ఊళ్లో మొదట పోయేది కరెంటే. పుత్తూరులో చార్జింగ్ పాయింటు ముందు చీకట్లో కూర్చున్న నన్ను ఊహించుకుని మానుకున్నాను. ధర కూడా అందలేదనుకోండి. పాత బొలేరో ఒకటి చివరిదాకా ఊరించింది. దాన్ని ఏ పల్లెలోనైనా బాగుచేస్తారు. అయితే పెట్టెలాంటి ఒళ్లు దానిది. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది, మేఘం ముందు పరుగెత్తే గాలి పక్క నుంచే కొడుతుంది.

చివరికి తీసుకున్నది 2018 నాటి మారుతి ఇగ్నిస్, చిన్న కారు. నీలం ఒళ్లు, తెల్ల టాపు. బూడిద రంగుది ఇంకా చవకగా వచ్చేది, కానీ వానలో బూడిద రంగు కారు ఎదుటి లారీకి కనిపించదు. పొడవు 3.7 మీటర్లు, నేలకూ అడుగుభాగానికీ మధ్య 18 సెంటీమీటర్లు. ఇంటికొచ్చాక నాకు తెలిసిన విద్య ప్రయోగించాను. పొడవూ వెడల్పూ గుణిస్తే 6.3 చదరపు మీటర్లు. అడుగుభాగాన్ని దాటి నీరు పది సెంటీమీటర్లు పెరిగితే, పైకి తోసే బలం 630 కిలోలు. కారు బరువు 850 కిలోలకు అటూ ఇటూ. అంటే అడుగు తగిలాక మరో 14 సెంటీమీటర్లకే టైర్లకు నేల మీద పట్టు పోతుంది. 18, 14 కలిపితే 32. లోపలికి నీరు కారడం వంటి తరుగులు వదిలేశాను. ఆ అంకెను కాగితం మీద రాసి డాష్‌బోర్డుకు అంటించాను. మోకాలి కిందికే అనుకోండి.

టైర్లు నాలుగూ మార్చాను. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉంటే చాలంటుంది, నేను 3 దగ్గరే మార్చేస్తాను. వైపర్లు కొత్తవి. సీటు కింద అద్దం పగలగొట్టే సుత్తి. అది పక్క అద్దాలకే పనికొస్తుంది, ముందు అద్దం పొరల మధ్య అతికించినది కాబట్టి ఎంత కొట్టినా ఊడిరాదు.

అమెరికాలో టోర్నడోల వెంట వెళ్లేవాళ్లు ఉక్కు కవచాలు తొడిగిన బండ్లు కూడా కట్టుకున్నారు. తమ్ముడు ఆ వీడియోలు చూపిస్తాడు. నాకు గుర్తొచ్చేది 2013 మే 31, ఓక్లహోమాలోని ఎల్ రీనో. దశాబ్దాల అనుభవం, జాగ్రత్తపరుడన్న పేరు ఉన్న టిమ్ సమారస్ ఆ రోజు షెవ్రొలే కోబాల్ట్ అనే మామూలు కారులో ఉన్నాడు. సుడి దిశ మార్చి, 4.2 కిలోమీటర్ల వెడల్పుకు పెరిగింది. ఆయన, కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ముగ్గురూ పోయారు. చిన్న కారు కాబట్టి పోయారని తమ్ముడి వాదన. అదే సాయంత్రం ఒక టీవీ ఛానెల్ వాళ్ల ఎస్‌యూవీ కూడా పొలంలోకి ఎగిరి పడింది కదా అని నాది. అందులోవాళ్లు బతికారు కదా అని మళ్లీ వాడు. ఇది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

మొన్న మే నెలలో ఇద్దరం నగరి దాటి వెళ్లాం. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లకు తగ్గితే కారెక్కాలన్నది నా నియమం. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున, పది కిలోమీటర్ల దూరమన్నమాట. ఇరవై ఎనిమిది లెక్కపెట్టి ఎక్కేశాం. తిరుగు దారిలో ఒక చప్టా మీద నీళ్లు టీ రంగులో పారుతున్నాయి. అవతలి నుంచి పాలక్యానుల మోపెడ్ తోసుకుంటూ వచ్చినాయన, "మోకాలి లోతేనమ్మా, వెళ్లిపోండి" అన్నాడు. డాష్‌బోర్డు మీది కాగితం చూశాను. రివర్స్ వేశాను.

ఇగ్నిస్‌కు వెనక అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాలు బాగా లావు. కొనేటప్పుడు నేను కొలవనిది అదొక్కటే. చీకట్లో ఆ మూల ఏముందో కనిపించక మైలురాయికి గుద్దాను. తమ్ముడు ఒక్క మాట అనలేదు. వానలోనే టార్చి పట్టుకుని దిగాడు, నా హ్యాండ్‌బ్యాగులోంచి టేపు తీసి సొట్ట కొలిచాడు. పదకొండు సెంటీమీటర్లు.