పది నిమిషాల కేసుకి ఏ మత్తు?

"చిన్న కేసే కదా మేడమ్, కొంచెం మత్తిచ్చేయండి" అని ఫోనొస్తుంది. విజయనగరం నర్సింగ్ హోముల చుట్టూ తిరిగే మత్తు డాక్టర్ని. ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

డీ అండ్ సీ, అంటే గర్భాశయం లోపలి పొరని గీకి తీసే చిన్న ఆపరేషన్, పది నిమిషాల పనే. కానీ గర్భాశయ ముఖద్వారాన్ని డైలేటర్లతో వెడల్పు చేసే సమయం ఉంది చూశారూ, అసలు నొప్పంతా అక్కడే. ప్రోపోఫాల్ ఒక్కటే ఇస్తే మనిషి నిద్రపోతుంది గానీ కాళ్ళు లాగేసుకుంటుంది. అది నిద్ర మందే తప్ప నొప్పి మందు కాదు మరి. కదలకుండా ఉండాలని ఇంకా ఎక్కిస్తూ పోతే బీపీ పడుతుంది, ఊపిరి మందగిస్తుంది. అందుకే తోడుగా ఒక ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ కోవకి చెందిన గట్టి నొప్పి మందు.

నేను ఎక్కువగా వాడేవి ఫెంటనిల్, బ్యూటార్ఫనాల్. ఫెంటనిల్ కిలో బరువుకి ఒక మైక్రోగ్రాము ఇచ్చి మూడు నాలుగు నిమిషాలు ఆగితే గానీ పూర్తిగా పట్టదు. ఆ లోపే గ్లోవ్స్ వేసుకుని నిలబడ్డ గైనకాలజిస్టు "మొదలెట్టనా?" అంటారు. ఆగమంటాను. గోడ గడియారం చూసి నిట్టూరుస్తారు, చూడనీ. ఈ మందు అరగంట, గంటలో దిగిపోతుంది. బ్యూటార్ఫనాల్ అలా కాదు, మూడు నాలుగు గంటలుంటుంది. తర్వాత వచ్చే కడుపునొప్పికి హాయే గానీ మగత వదలదు, కొందరికి తల తిరుగుతుంది, వాంతులవుతాయి.

వీటికి మిడజోలామ్ కలిపితే భయం తగ్గుతుంది, జరిగింది గుర్తుండదు. అయితే ఇక్కడే జాగ్రత్త. 1990లో 12 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. మిడజోలామ్ ఒక్కటే ఇస్తే ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఫెంటనిల్ ఒక్కటే ఇస్తే ఆరుగురికి ఆక్సిజన్ తగ్గింది, కానీ ఎవరికీ ఊపిరి ఆగలేదు. రెండూ కలిపితే 11 మందికి ఆక్సిజన్ పడిపోయింది, ఆరుగురికి ఊపిరే ఆగింది. పైగా మాస్కుతో ఆక్సిజన్ పెడితే ఊపిరి తగ్గినా వేలికి పెట్టిన ఆక్సిమీటరు కాసేపు 99 చూపిస్తూనే ఉంటుంది. నేను ఛాతీ కదలిక చూస్తాను, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఈటీసీఓటూ మానిటరుంటే దాన్ని నమ్ముతాను.

ఇక ఖాళీ కడుపు సంగతి. "ఏమైనా తిన్నావా అమ్మా?" అంటే "ఏటీ తిన్లేదమ్మా, చోడంబలి తాగొచ్చీసినాను" అంటుంది నిజాయితీగానే. అంబలికైనా పాల టీకైనా ఆరు గంటలు ఆగాల్సిందే. కేసు మధ్యాహ్నానికి.

సాయంత్రం ఇంటికెళ్ళే వాళ్ళకి నా ఓటు ఫెంటనిల్, ప్రోపోఫాల్‌కే. రాత్రి ఉండేవాళ్ళయితే బ్యూటార్ఫనాల్ మంచిదే. చిక్కేమిటంటే ఫెంటనిల్ మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికొస్తుంది. స్టాకుకి అనుమతులు, రిజిస్టర్లు చూసుకోవాలి. 2014 సవరణతో నిబంధనలు సులువైనా, చిన్న నర్సింగ్ హోములు ఆ తలనొప్పి ఎందుకని తెప్పించవు. దాంతో ఇంటికెళ్ళే మనిషికీ బ్యూటార్ఫనాలే దిక్కు. అలాంటి కేసులు ఉదయాన్నే పెట్టించుకుంటాను.

అయినా సాయంత్రానికి భర్త బైకు తాళంతో సిద్ధం. "ఎనక కూకోబెట్టుకొని ఎలిపోతానమ్మా, సాలూరే కదా." ఆటో మాట్లాడుకుని వస్తేనే పంపిస్తానని సిస్టర్‌కి చెప్పి ఉంచుతాను.