గడియ చల్లగా లేదు

పొద్దున్నే గది తలుపు తీయబోయి పాప ఇనుప గడియ మీంచి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "నాన్నా, గడియ ఐసులా ఉంది! తలుపు చెక్క మాత్రం అంత చల్లగా లేదు" అంది. రెండూ రాత్రంతా ఒకే చోట ఉన్నాయి, రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే అన్నాను. నమ్మలేదు. నమ్మాలని నేనూ పట్టుబట్టలేదు. చెయ్యి అంత గట్టిగా చెబుతుంటే మాటతో కాదనడం ఎవరికైనా కష్టమే.

థర్మామీటర్ తెచ్చి ముందు గడియకు, తర్వాత చెక్కకు టేపుతో అంటించి పదేసి నిమిషాలు ఆగాం. రెండుసార్లూ 19 డిగ్రీలే. పాప నా మొహం చూసింది.

అరచేతి చర్మం 33 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. వేడి దానంతటది ఎప్పుడూ వేడిగా ఉన్నచోటి నుంచి చల్లగా ఉన్నచోటికే పోతుంది. ఇనుము అలా వచ్చిన వేడిని తన ఒళ్లంతా పంచేసి ఇంకా కావాలంటుంది. వేడిని మోసుకుపోవడంలో అది చెక్కకంటే వందల రెట్లు మేలు. చెక్క అయితే మనం ముట్టుకున్న చోటే కాస్త వెచ్చబడి ఊరుకుంటుంది. మన వేడి పోయే ఆ జోరునే మనం చల్లదనం అంటున్నాం.

"అయితే గడియలో చల్లదనం నా చేతిలోకి రాలేదా?"

"చల్లదనమని విడిగా ఏమీ లేదు తల్లీ. నీ వేడే అటు పోయింది."

వెంటనే రెండు చేతులూ గబగబా రుద్దుకుని, "పోయిందంతా మళ్లీ వచ్చేసింది" అంది. ఆ మాటకు నాకు పద్దెనిమిదో శతాబ్దపు శాస్త్రవేత్త రంఫర్డ్ గుర్తొచ్చాడు. ఆ కాలంలో చాలామంది శాస్త్రవేత్తలు వేడిని వస్తువుల్లో దాగి ఉండే ఒక కనపడని ద్రవం అనుకునేవారు, కేలరిక్ అని పేరు కూడా పెట్టారు. మ్యూనిక్‌లో ఫిరంగులు తొలిచే పని చూస్తున్న రంఫర్డ్, ఇత్తడి దిమ్మెను నీళ్లలో ఉంచి, గుర్రాల చేత తిప్పిస్తూ మొద్దుబారిన బరమాతో తొలిపించాడు. రెండున్నర గంటలకు నీళ్లు తెర్లాయి. పొయ్యీ లేదు, నిప్పూ లేదు. తిప్పినంతసేపూ వేడి పుడుతూనే ఉంది. లోపల దాచిన సరుకైతే ఎప్పుడో ఒకప్పుడు నిండుకోవాలి కదా! వేడి అంటే కదలికే అని 1798లో రాశాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

మధ్యాహ్నం పాపే ఒక పందెం తెచ్చింది. రెండు ఐసు ముక్కలను చిన్న కవర్లలో పెట్టి, ఒకటి బల్ల మీద వదిలేశాం, ఇంకోదాన్ని ఉన్ని శాలువాలో నాలుగు మడతల మధ్య చుట్టాం. శాలువా వేడి కదా, అందులోదే ముందు కరుగుతుందని తన వాదన. బల్ల మీది కవర్లో నీళ్లు మాత్రమే మిగిలేదాకా ఓపిగ్గా కూర్చుంది. అప్పుడు మడతలు విప్పితే అంచులు గుండ్రబడిన ముక్క ఇంకా చేతికి గట్టిగా తగిలింది. శాలువాకు సొంత వేడి లేదు. ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తేలిగ్గా సాగనివ్వదు, లోపలి నుంచి బయటికైనా, బయటి నుంచి లోపలికైనా. చలికాలం మనల్ని వెచ్చగా ఉంచేదీ, ఇప్పుడు ఐసును కాచిందీ ఆ గాలే.

పడుకునే ముందు పాప మళ్లీ తలుపు దగ్గరికెళ్లింది. ఈసారి గడియను పిడికిలితో పట్టుకుని వదలకుండా నిలబడింది. చాలాసేపటికి, "ఇప్పుడు చల్లగా లేదు నాన్నా" అంది. "నా వేడి దానికి పట్టింది."