వీసీడీ ఆడుతుంది, డీవీడీ ఆడదు: మా ప్లేయర్ రిపేరు కథ

నిన్న రాత్రి మా డీవీడీ ప్లేయర్ మళ్ళీ ఆడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

అంతకుముందు పాటల వీసీడీలు పెడితే శుభ్రంగా ఆడేది. డీవీడీ ఏది పెట్టినా కాసేపు గిర్రున తిరిగి 'నో డిస్క్' అనేది. అమ్మ చూడాలన్నదేమో నాన్నగారి షష్టిపూర్తి డీవీడీ. డిస్కు తుడిచాను, మెత్తటి పొడి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా. గుండ్రంగా తుడవకండి, గీత డేటా ఉండే ట్రాకు వెంబడే పడితే ప్లేయర్ తట్టుకోలేదు. అదే డిస్కు పక్కింటి వాళ్ళ లాప్‌టాప్‌లో ఆడింది. వీసీడీకి బొమ్మ వస్తోంది కాబట్టి వైర్ల జోలికి పోలేదు.

ఇక బజార్లో పెద్ద షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ముందే నవ్వాడు, "ఇంకా ఇవి ఎవరు చూస్తున్నారు సార్" అని. సరే, నవ్వితే నవ్వాడు. తన దగ్గరున్న పాటల వీసీడీ ఒకటి పెట్టి, అది ఆడగానే సౌండ్ పెంచి, షాపులో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా "మీ ప్లేయర్ బంగారంలా ఉంది, పాడైంది మీ డిస్కు, కొత్తది రాయించుకోండి" అన్నాడు. వీసీడీలు మా ఇంట్లోనూ ఆడుతున్నాయి బాబూ, డీవీడీ పెట్టి చూడు అంటే, "రెండూ ఒకే లెన్స్ సార్, మాకు తెలీదా?" అని వెనక ఇంకొకాయనకి కన్ను కొట్టాడు. ఫ్రిజ్ కొనడానికి వచ్చిన దంపతులు కూడా నవ్వారు. పైగా చూసినందుకు సర్వీస్ ఛార్జీ! రసీదు అడిగితే లేదన్నాడు. నేను ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారిగా పనిచేసినవాణ్ణి, తెలియనప్పుడు తెలియదని పిల్లలకే చెప్పేవాణ్ణి.

అసలు సంగతి ఇది. వీసీడీ అంటే సీడీయే. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది, కంటికి కనపడదు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి, దాని ట్రాకులు సగానికంటే దగ్గరగా ఉంటాయి. బయటికి కనిపించే గాజు బొట్టు ఒకటే అయినా లోపల లేజర్లు రెండు. ఒకటి చచ్చినా రెండోది బతికే ఉంటుంది. వీసీడీ ఆడించి చూపించి డీవీడీ గురించి తీర్పు చెప్పడం శుద్ధ తెలివితక్కువతనం.

మా వీధి చివర పాత రేడియోలు బాగుచేసే సాయిబు గారు ఒక్క ప్రశ్నే వేశారు, "సీడీ ఆడుతోందా?" అని. ముందు దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి లెన్స్ తుడిచారు, ఫలితం లేదు. దాంతో లేజర్లతో కలిపి ఉండే లెన్స్ యూనిట్టే మార్చారు. కొత్తదానికి స్టాటిక్ కరెంటు తగలకుండా ఒక సోల్డర్ చుక్క పెట్టి ఉంటుందట, బిగించాక దాన్ని తీయకపోతే కొత్త లెన్స్ కూడా పనిచెయ్యదట. ఆ చుక్క తీయడం నా కళ్ళారా చూశాను. ఆయన తీసుకున్నది ఆ షాపువాడి 'చూసినందుకు' కన్నా కాస్తే ఎక్కువ, అదీ సామానుతో కలిపి.

షష్టిపూర్తి వీడియోకి రెండో డిస్కు కూడా ఉంది, అది మాత్రం భోజనాల దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఆగిపోతోంది. స్టూడియో వాళ్ళు దానిమీద మా ఫొటోతో కాగితం స్టిక్కర్ అంటించారు, అది ఒక పక్క లేచి డిస్కు ఊగుతోంది. పీకితే డిస్కే పాడవొచ్చని సాయిబు గారు ముట్టుకోవద్దన్నారు. రేపు పక్కింటి లాప్‌టాప్‌లో పెట్టి, వచ్చినంత వరకు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.