డిఫెన్స్‌మన్ లేని రాత్రి: పిల్లలతో ప్లేఆఫ్ ఐస్ హాకీ చూసేవాళ్ల కోసం

"నాన్నా, ఇవాళ నర్స్ ఆడట్లేదు!" అని ఎడ్మంటన్‌లో పెరిగే పిల్లాడు దిగాలుగా అంటాడు. నర్స్ అంటే ఆ ఊరి జట్టు డిఫెన్స్‌మన్, గోల్ పడకుండా వెనక కాచే ఆటగాడు. "పోన్లేరా, ఇంకొకడు ఆడతాడుగా" అనేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ దిగులుకి నిజమైన కారణం ఉంది. అదేమిటో తెలిసిన నాన్నతో పిల్లలు రెండు గంటలు తెలుగులోనే మాట్లాడతారు. కెనడాలో పంజాబీ కుటుంబాలకి 2008 నుంచి వాళ్ల భాషలోనే హాకీ వ్యాఖ్యానం ఉంది. మన ఇళ్లలో ఆ పని అమ్మానాన్నలదే.

ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మ్యాచ్‌కి జట్టులో మామూలుగా 12 మంది ఫార్వర్డ్‌లు (ముగ్గురేసి ఒక లైన్), ఆరుగురు డిఫెన్స్‌మన్‌లు, ఇద్దరు గోలీలు (గోల్‌కీపర్లు) ఉంటారు. ఆరుగురు డిఫెన్స్‌మన్‌లంటే మూడు జోడీలు. షిఫ్ట్, అంటే ఒక ఆటగాడు ఒక్కసారి దిగితే మంచు మీద ఉండే సమయం, ముక్కాలు నిమిషం దాకా ఉంటుంది. మొదటి జోడీలో ఆటగాడు 60 నిమిషాల్లో 24, 25 నిమిషాలు మంచు మీదే ఉంటాడు. మూడో జోడీకి 15 దక్కితే ఎక్కువ. కాబట్టి పెద్ద డిఫెన్స్‌మన్ ఆగిపోయాడంటే పోయింది ఒక మనిషి కాదు, ఆ 25 నిమిషాలు. కొత్తగా వచ్చినవాడికి కోచ్ పదో పన్నెండో ఇస్తాడు, మిగతావి పైవాళ్లకి పంచుతాడు. బుమ్రా లేనప్పుడు అతని నాలుగు ఓవర్లు ఎవరు వేస్తారన్న ప్రశ్నే ఇది. కాకపోతే ఇక్కడ ఓవర్ల కోటా లేదు, అలసటే హద్దు.

అసలు దెబ్బ కింది జోడీల మీద పడుతుంది. రెండో జోడీ ఎదుటి జట్టు మొదటి లైన్‌ని కాయాల్సి వస్తుంది, మూడో జోడీకి వాళ్ల రెండో లైన్ ఎదురవుతుంది. ప్రతివాడూ తన స్థాయికి ఒక మెట్టు పైన ఆడాలి. దానికి తోడు చేతివాటం. ఎడమవాటం ఆటగాడిని కుడి వైపు నిలబెడితే, అంచు గోడల (బోర్డుల) వెంట వచ్చే పక్‌ని, అంటే ఆటలో బంతిలా వాడే రబ్బరు బిళ్లని, కర్ర వెనక వైపుతో (బ్యాక్‌హ్యాండ్‌తో) అందుకోవాలి. వెనక ఒత్తిడి ఉంటే ఆ పాస్ బలంగా పోదు, పక్ మళ్లీ ఎదుటివాళ్లకే చిక్కుతుంది. కుడివాటం డిఫెన్స్‌మన్‌లు తక్కువ కాబట్టి వాళ్లలో ఒకడు పోతే పూడ్చడం ఇంకా కష్టం.

దీన్ని కోచ్ ఎంతవరకు దాచగలడన్నది ఎవరి గడ్డ మీద ఆడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆట ఆగినప్పుడు ముందు బయటి జట్టు ఆటగాళ్లని దింపాలి, వాళ్లని చూశాక ఇంటి జట్టు మార్చుకుంటుంది. ఇదే లాస్ట్ చేంజ్. 2023 మే నెలలో వేగస్, ఎడ్మంటన్ సిరీస్ 2-2 దగ్గర ఉండగా ఐదో మ్యాచ్‌కి రెండు జట్లూ చెరొక పెద్ద డిఫెన్స్‌మన్‌ని కోల్పోయాయి. ఎడ్మంటన్ ఫార్వర్డ్ డ్రైసైటిల్‌ని కర్రతో కొట్టినందుకు వేగస్ డిఫెన్స్‌మన్ పియట్రాంజెలోకి ఒక మ్యాచ్ నిషేధం పడింది. ఆఖరి ఐదు నిమిషాల్లో పోట్లాట మొదలుపెట్టాడని రూలు ప్రకారం ఎడ్మంటన్ నర్స్‌కీ అంతే. ఇద్దరూ లేరు కదా, సరికి సరి అనిపిస్తుంది. కానీ ఆట వేగస్‌లో. ఎడ్మంటన్ పెద్ద స్టార్ మక్‌డేవిడ్ ఎదుట ఎవరిని నిలబెట్టాలో ఫేస్‌ఆఫ్ ఫేస్‌ఆఫ్‌కీ (ఆగిన ఆటని మళ్లీ మొదలుపెట్టేటప్పుడల్లా) ఎంచుకునే వీలు వేగస్ కోచ్ కాసిడీకి ఉంది, ఎడ్మంటన్ కోచ్ ఉడ్‌క్రాఫ్ట్‌కి లేదు. వేగస్ 4-3తో గెలిచింది. ఒక్క మ్యాచ్ ఫలితంతో ఏదీ రుజువు కాదు, కానీ ఈ తేడాని పిల్లలకి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇంటి జట్టుకీ ఆ వీలు పోయే సందర్భం ఐసింగ్, అంటే సొంత సగం నుంచి పక్‌ని ఎదుటి గోల్ గీత దాటేలా కొట్టేయడం. ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్లని మార్చకూడదు, టైమ్‌అవుట్ కూడా తీసుకోకూడదు. అలసిన మూడో జోడీ ఒత్తిడిలో పక్‌ని దూరంగా విసిరేస్తే అదే జోడీ ఎదుటికి తాజా మొదటి లైన్ వచ్చి నిలబడుతుంది. రెండో పీరియడ్‌లో ఇది ఇంకా ప్రమాదం. అప్పుడు వైపులు మారి సొంత గోల్ నుంచి బెంచ్ దూరమవుతుంది, చిక్కుకున్నవాళ్లు బయటపడలేరు. మొదటి ఓవర్‌టైమ్‌లోనూ అంతే. పిల్లలతో శ్రద్ధగా చూడాల్సింది ఈ ఘడియలే. కొందరు కోచ్‌లు 11 మంది ఫార్వర్డ్‌లు, ఏడుగురు డిఫెన్స్‌మన్‌లతో దిగుతారు. ఎడ్మంటన్ ఆ ఏడాది చాలాసార్లు అలాగే ఆడింది. డిఫెన్స్‌మన్‌ల అలసట తగ్గుతుంది, మక్‌డేవిడ్‌కి అదనపు షిఫ్ట్‌లు దొరుకుతాయి. కానీ జోడీలు మాటిమాటికీ మారి ఒకరి కదలిక ఒకరికి అందదు.

ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేయగలిగే పని ఒకటుంది. ప్లేఆఫ్స్‌లో గాయాల గురించి జట్లు "పైశరీరం", "కిందిశరీరం" అని తప్ప చెప్పవు కాబట్టి వార్మప్ చూసి ఆరుగురి పేర్లు మూడు వరసల్లో రాయించండి. లేనివాడి పేరు కొట్టేసి, ఎవరు పైకి జరుగుతారో బాణాలు గీయించండి. మొదటి పీరియడ్‌లో ఎదుటి మొదటి లైన్ వచ్చినప్పుడల్లా ఏ జోడీ ఉందో గీతలు పెట్టాలి. పెనాల్టీ కిల్‌కి (పెనాల్టీ పడి మన ఆటగాడు బయట ఉండగా ఒకడు తక్కువతో కాచుకునే సమయానికి) ఎవరు దిగారో విడిగా రాయాలి, పెద్ద డిఫెన్స్‌మన్ లేని లోటు అక్కడ త్వరగా బయటపడుతుంది.

ఎడ్మంటన్‌లో రాత్రి ఏడున్నర అంటే విశాఖలో పొద్దున ఏడు. తాతయ్య కాఫీ తాగుతూ వీడియో కాల్‌లో ఉంటే ఆ కాగితం చూపించి వివరించే పని మనవడికే వదిలేయండి. టొరంటోలో మాత్రం అవే మ్యాచ్‌లు చాలా ఆలస్యంగా మొదలవుతాయి, ఓవర్‌టైమ్ గోల్ పడేదాకా సాగుతుంది. బడి ఉన్న రోజుల్లో మొదటి పీరియడ్‌తో పడుకోబెట్టి, పొద్దున టిఫిన్ దగ్గర ఎన్‌హెచ్‌ఎల్ సైట్‌లో ఒక్కో డిఫెన్స్‌మన్ ఎన్ని నిమిషాలు ఆడాడో తెరిచి, రాత్రి గీసిన బాణాలతో సరిచూడమనండి.