ప్లేటు రెండో పక్క

మా నాయన మైక్‌సెట్టు అంగడి చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండేది. పెళ్లిళ్లు, గంగ జాతర్లు, చుట్టుపక్కల పల్లెల్లో భారతం జరిగే పద్దెనిమిది దినాలు, అన్నిటికీ మా హారన్లే. సూదులు, పాటల ప్లేట్లు (గ్రామఫోను రికార్డులు) కొనేదానికి నాయన మద్రాసు పోయి, సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్లో దినమంతా తిరిగి వచ్చేవాడు. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయింది. అంతకు ముందెప్పుడో అక్కడ కట్టగా కొన్న పాత ఇంగ్లీషు ప్లేట్లలో ఒకటి ఇప్పుడు తిరుపతిలో, కొర్లగుంట ఇంట్లో, నా బీరువాలో ఉంది. పసుపు లేబులు, టామ్లా కంపెనీ, నంబరు 54034. పాడింది మిరకిల్స్ గుంపు, అమెరికాలో డెట్రాయిట్ వాళ్లు.

ముందు పక్క పాట 'షాప్ అరౌండ్'. దాని పేరు చాలామంది వినే ఉంటారు. 1960లో వచ్చి, టామ్లాని నడిపిన మోటౌన్ సంస్థకి మొట్టమొదటిసారి పది లక్షల ప్లేట్లు అమ్మిపెట్టింది. డెట్రాయిట్‌లో అప్పటికే విడుదలైన పాటని, ఊపు చాల్లేదని మోటౌన్ యజమాని బెర్రీ గోర్డీ రాత్రి మూడింటికి గుంపుని పిలిపించి, వేగం పెంచి మళ్లీ పాడించాడు. ఆ కథ అంతటితో చాలు. నేను చెప్పాలనుకున్నది రెండో పక్క గురించి. 'హూజ్ లవిన్ యూ'.

అమెరికా ప్లేటుకి నడుమ బొక్క పెద్దది, రూపాయి బిళ్ల కంటే వెడల్పు. మా ప్లేయరు కడ్డీ చూస్తే పెన్సిలంత. నాయన పాత హవాయి చెప్పు కోసి రింగు చేశాడు. రింగు నట్టనడుమ కుదరకపోతే ప్లేటు పక్కకి ఒరిగి తిరుగుతుంది, పాట శ్రుతి పైకీ కిందికీ ఊగుతుంది. 'షాప్ అరౌండ్' వేస్తే ఆ ఊగు అంతగా తెలీదు, దరువు కప్పేస్తుంది. రెండో పక్క వేస్తే దాచుకునే చోటే లేదు. మిరకిల్స్‌లో ముందుండి పాడే స్మోకీ రాబిన్సన్ ఒక్కో మాటనీ నిదానంగా సాగదీసి పట్టుకుంటాడు, ఆ పట్టులో వెంట్రుకంత తేడా ఉన్నా దొరికిపోతుంది. నాయన కళ్లు మూసుకుని వినేవాడు. "ఊగతా ఉండాదిరా" అని ప్లేటు తీసి, రింగుని బ్లేడుతో మళ్లీ చెక్కేవాడు. రెండు జతల చెప్పులు పోయినాయి. మధ్యాహ్నమంతా ఆ పాట మొదటి అర నిమిషమే మళ్లీ మళ్లీ విన్నాం. మొత్తం పాట విన్నది దీపాలు పెట్టేవేళకి.

విన్నాక ఎవరూ మాట్లాడలేదు. భజన గుళ్లో డోలక్ పట్టే మా మామ మాత్రం తొడ మీద తకిట తకిట తకిట తకిట అని నిదానంగా వేస్తా, "తిశ్రమే కదా బావా" అన్నాడు. అవును, ఒక్కో దెబ్బకి మూడు భాగాలు. ఆ నడకలోనే పాటకి ఉయ్యాల ఊపు వచ్చింది.

హారన్లకి ఈ పాట పడదు. హారను పైశ్రుతిని పొలిమేర దాకా మోస్తుంది, కింది శ్రుతి దాన్లో నిలవదు. దీన్ని అందులో వేస్తే గొంతు సన్నగా మిగిలి, వెనక గుంపు పాడేది పలచబడిపోతుంది. అందుకే టెస్టింగుకి ముందు పక్కే వేసేవాళ్లం. ఇప్పుడు ఆ పక్క గీతలమయం. రెండో పక్క కొత్తదాని మాదిరే ఉంది, అది మా ఇల్లు దాటలేదు.

మాటలు అర్థమయింది నేను కాలేజీకి వచ్చినాక. ముందు పక్కన అమ్మ కొడుక్కి బుద్ధి చెబుతుంది: తొందరపడొద్దు, నలుగుర్నీ చూసి పిల్లని ఎంచుకో. ప్లేటు తిప్పితే, దొరికిన పిల్లని సరిగా చూసుకోక పోగొట్టుకున్నవాడు తల వేలాడేసుకుని కూర్చోనున్నాడు. ఆమెనిప్పుడు ఎవరు ప్రేమిస్తున్నారో అని అడుగుతున్నాడు. మొదటిదాన్ని గోర్డీతో కలిసి రాసిన స్మోకీ, రెండోదాన్ని ఒక్కడే రాశాడు. అప్పటికి ఆయనకి 20 ఏళ్లు. వెనక పాడే గుంపులో ఒకే ఒక్క ఆడమనిషి క్లాడెట్, ఆయన భార్య. 1959లో పెళ్లయింది. కొత్త పెళ్లికొడుకు, పెళ్లాన్ని వెనక నిలబెట్టుకుని, నువ్వు లేవు, తప్పు నాదే అని పాడుతున్నాడు! ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆమె గొంతు కోసం చెవి పెట్టి వింటున్నాను.

ఈ పాట రాత ఏందో, మోటౌన్ ప్లేట్లలో మూడుసార్లూ వెనక పక్కనే పడింది. 1961లో సుప్రీమ్స్ గుంపు పాడారు, డయానా రాస్ గొంతు, 'బటర్డ్ పాప్‌కార్న్' వెనక. 1969లో జాక్సన్ ఫైవ్ పాడారు, 'ఐ వాంట్ యూ బ్యాక్' వెనక. ఆ మూడోసారి మాత్రం లోకమంతా విన్నది. ప్లేటు వచ్చేనాటికి అందులో ముందుండి పాడిన మైకేల్ జాక్సన్‌కి 11 ఏళ్లు. ఇప్పుడు ఈ పాట పేరెత్తితే అందరూ ఆ పిల్లవాడిదే అంటారు. ఆ గొంతు ముందు ఎవరైనా చేతులు కట్టుకోవాల్సిందే, నేనూ కట్టుకుంటాను. అయినా నాకు స్మోకీదే పాట. పిల్లవాడు ఆకాశానికి ఎగిసి అడుగుతాడు. స్మోకీ గొంతు పెంచడు. తప్పు చేసినవాడికి అరిచే హక్కు లేదని తెలిసినట్టు పాడతాడు.

2009 జూన్‌లో మైకేల్ పోయిన రోజు, మా ఇంట్లో టీవీ ఆపలేదు. నా కూతురు కంప్యూటర్లో ఈ పాట వెతికి తాతకి వినిపించింది. నాయన చివరిదాకా విని, "పిలగాడు శానా బాగా పాడినాడు. అయితే వానికి ఇంకా ఏమీ పోలేదు కదమ్మా" అన్నాడు. అప్పటికి మా అమ్మ పోయి మూడేళ్లు. లేచిపోయి తన ప్లేటు తెచ్చాడు. పాప మొదటిసారి స్మోకీని విన్నది అప్పుడే.

నాయన చేసిన రింగు ఎండిపోయి మొన్న రెండుగా పగిలింది. హవాయి చెప్పు ఒకటి కోసి నేనే చెక్కుతున్నాను. మొదటిది ఊగింది. రెండోది ఇంకా ఎక్కువ ఊగింది. మూడోది పాటలో సగం దాకా నిలబడింది. ఆదివారం ఇంకోటి కోయాలి.