పాలమూరులో పిల్లికూతలు

ఎత్తు కొలిచే స్టాండు బస్సులోనే వదిలేశామని, మహబూబ్‌నగర్ బస్టాండులో చాయ్ తాగుతుంటే గుర్తొచ్చింది. తప్పు నాదే. పీడియాట్రిక్స్ పీజీ పూర్తిచేసి, పిల్లల ఊపిరితిత్తుల జబ్బుల మీద కొత్తగా రీసెర్చ్ మొదలుపెట్టిన ముగ్గురు కుర్ర డాక్టర్లకు ఊళ్లో పని నేర్పుతానని, చీకటితోనే ఎంజీబీఎస్‌లో బస్సెక్కించింది నేనే. షాద్‌నగర్ దాకా పాఠం చెప్పాను. జడ్చర్లలో హైవే వదిలేసరికి అందరం నిద్రలో ఉన్నాం. ఇక సామాను ఎవరు చూస్తారు?

ఆటోలో ఊరు చేరేసరికి తొమ్మిదయింది. అంగన్‌వాడీలో దగ్గు, జలుబు ఉన్న పది నెలల బాబు తల్లి ఒడిలో నిద్రపోతున్నాడు. ఏడ్చే పిల్లాడి ఊపిరి లెక్కపెట్టి లాభం లేదు కాబట్టి, ఇంతకంటే మంచి సమయం దొరకదు. చొక్కా పైకి తీయించి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్కపెట్టమన్నాను. 46, 47, 52 వచ్చాయి. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు నిమిషానికి 50, ఆపైన ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు లెక్క. అంటే అదే బాబుకు ఇద్దరి ఫారాల్లో మామూలు జలుబు, మూడో ఫారంలో న్యుమోనియా! 52 రాసినబ్బాయి అరనిమిషమే చూసి రెండింతలు చేశాడట. పసివాళ్ల ఊపిరి ఒక్క తీరున నడవదు, కాసేపు గబగబా, కాసేపు నింపాదిగా పోతుంది. అందుకే నిమిషం నిండా చూడాలి. పాపం, వాడి ముఖం చిన్నబోయింది. పీజీ రోజుల్లో నేనూ ఇదే చేశానని అప్పుడు చెప్పలేదు.

తర్వాత ప్రశ్నల ఫారం తీశాం. 'గత 12 నెలల్లో ఛాతీలో ఈల వంటి శబ్దం వచ్చిందా?' ఇంగ్లీషు ప్రశ్నను మేమే హైదరాబాదులో కూర్చుని తెలుగు చేసుకున్నాం.

"ఈలనా? ఈడింకా మాటలే రానోడు మేడం, ఈల యాడేస్తడు?" అంది తల్లి.

అంగన్‌వాడీ టీచరు నవ్వు ఆపుకుంటూ, "పిల్లికూతలు వస్తయా అని అడుగుతున్నరు" అంది.

"అవ్వా? మా పెద్దోడికి రాత్రయితే అవే కదా. మొన్నయితే డొక్కలు ఎగరేసిండు." కాసేపాగి, గొంతు తగ్గించి అడిగింది. "దమ్మయితే కాదు కదా మేడం?"

మా ఫారంలో 'ఛాతీ లోపలికి పోవడం' అని అరలైను పట్టినదాన్ని ఆమె రెండు మాటల్లో చెప్పేసింది. ముగ్గురూ గబగబా రాసుకున్నారు. పెద్దవాణ్ణి చూడకుండా ఉబ్బసం ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. బడిలో ఉన్నాడంటే, అక్కడే చూస్తానన్నాను.

వంట దేనిమీద అన్న ప్రశ్నకు 'గ్యాస్' అని టిక్కు పడింది. వాళ్లింటికెళ్తే సిలిండరు మూలన ఉంది గానీ, వెనక వసారాలో కట్టెలపొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. "గ్యాస్ చాయకే మేడం, చుట్టాలొస్తే ఇంత కూరకు." ఆమె అబద్ధం చెప్పలేదు, మేమే తప్పుగా అడిగాం. ఆ ప్రశ్న కొట్టేసి, 'నిన్న పొద్దున అన్నం దేనిమీద వండారు?' అని రాయించాను.

బడిలో స్పైరోమీటరు పని, అంటే పిల్లలతో మిషన్‌లోకి ఊదించి ఊపిరితిత్తుల సత్తా కొలవడం. పిల్లాడి ఊపిరి ఎంత ఉండాలన్నది ఎత్తు, వయసు, ఆడా మగా చూసి లెక్కగడతారు. ఎత్తు తెలియకపోతే మిషన్ చూపే అంకెను దేనితో పోల్చాలి? స్టాండు లేదు కదా, గోడకు టైలరు టేపు అతికించి, పిల్లల నెత్తిమీద హాజరు పుస్తకం ఆనించి చాక్‌పీసుతో గీతలు గీశాం. ఊదమంటే బెలూను ఊదినట్టు బుగ్గలు ఉబ్బిస్తున్నారు. ఐదో తరగతి పాప ఒకతి అందరినీ చూసి, "ఊదుగొట్టంతోని పొయ్యి ఊదినట్టా సార్?" అని అడిగింది. ఆ మాటతో పని తేలికయింది. మొదట నిండా గాలి పీల్చుకోవాలని మాత్రం విడిగా చెప్పాల్సి వచ్చింది. పాప మూడుసార్లూ చివరిదాకా ఊదింది. పెద్దోడు ఊదుతూ మధ్యలో దగ్గి ఆపేశాడు. వీపు మీద స్టెతస్కోపు పెడితే కూతలు వినిపించాయి. తల్లిని వెంటబెట్టుకుని మరునాడే ఆసుపత్రికి రమ్మని చీటీ రాసిచ్చాను.

సాయంత్రం పిల్లలమర్రి చూపించాను. చెదలు పట్టిన ఈ చెట్టుకు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారంటే ముగ్గురూ నమ్మలేదు, ఫోన్లు తీసి వెతికారు. బొమ్మలు ఇంకా చూస్తుండగానే నాకు ఫోనొచ్చింది. స్టాండు డిపోలో ఉందట, ఆధార్ కార్డు చూపించి తీసుకెళ్లాలట.